నెలలు నిండని బిడ్డకు మూత్రం ఆగితే

వట్లూరులో మా ఇంటికి దగ్గరలోనే నర్సింగు కాలేజీ ఉంది. చదువు ముగిసి నవజాత శిశువుల వార్డుల్లో చేరబోయే అమ్మాయిలు అప్పుడప్పుడు వచ్చి నా దగ్గర కూర్చుంటారు. "అక్కడ అన్నిటికంటే కష్టమైన పని ఏంటండీ?" అని అడుగుతారు. ఊపిరాడని బిడ్డ గొంతులో గొట్టం వేయడమో, దారమంత నరానికి సూది గుచ్చడమో చెబుతానని చూస్తారు. బిడ్డ ఎప్పుడు మూత్రం పోస్తాడా అని కనిపెట్టుకుని కూర్చోవడం అంటాను. నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఆ మాట వేళాకోళానికి అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేశాను. చివరి పదహారేళ్ళు ఏలూరులో ఒక పసిపిల్లల ఆసుపత్రిలో. ఎప్పుడు చేరాను, ఎప్పుడు హెడ్ నర్సునయ్యాను, ఎవరు సంతకం పెట్టారు లాంటివి ఎవరికీ అక్కరకు రావు. మా నాన్నగారు పెదపాడు దగ్గర మా చర్చి సంఘంలో పెద్ద. మా అమ్మ ఆదివారం బడి చెప్పేది. అక్షరాలు రాకముందే నాకు బైబిలు వాక్యాలు కంఠతా వచ్చు. ప్రతి బిడ్డా దేవుని చేతిపని అని నమ్మి ఈ పనిలోకి వచ్చాను, ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అయితే ఆ చేతిపనిలో ఒక్కోసారి ఉల్లిపొరంత పొర ఒకటి ఉండకూడని చోట ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికే ఆయన మనల్ని ఆ గదిలో నిలబెట్టాడు. కనిపెట్టలేకపోతే ఆ తప్పు మనదే, ఆయనది కాదు.

ఆ పొర సంగతి ముందు చెబుతాను. కొందరు మగపిల్లలకు మూత్రం బయటికి వచ్చే దారిలో పుట్టుకతోనే పలచని పొరలు ఉంటాయి. మూత్రం వచ్చి తోసినప్పుడల్లా అవి తెరచాపలా ఉబ్బి దారి మూసేస్తాయి. లోపల మూత్రం నిలిచే సంచి నిండుతుంది. అక్కడి నుంచి ఒత్తిడి పైకి పాకి రెండు కిడ్నీలనూ ఉబ్బిస్తుంది. ఇదంతా తల్లి కడుపులోనే మొదలవుతుంది. ఆ బిడ్డ నెలలు నిండకుండా పుడితే అన్నీ చిన్నవే. దారి చిన్నది, కిడ్నీ చిన్నది, మనకు చేతిలో ఉండే సమయమూ చిన్నదే.

వాసవిగారి కాటా

మా వార్డు పెద్ద డాక్టరు వాసవిగారు. తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్నగారిది బెల్లం హోల్‌సేలు కొట్టు. చిన్నప్పుడు కాటా పక్కన కూర్చుని హోంవర్కు చేసుకున్న మనిషి. నాకంటే పదేళ్ళు చిన్న. గొంతు పెంచడం ఎప్పుడూ వినలేదు. దేవుడి విషయంలో ఆవిడ నమ్మకాలు ఆవిడవి, నావి నావి. కానీ తూకం విషయంలో మాత్రం ఆవిడంత భక్తురాలిని నేను ఎక్కడా చూడలేదు.

ఆవిడ వార్డులో పెట్టిన నియమం ఒకటే. బిడ్డ కింద వేసే ప్రతి గుడ్డా పొడిగా ఉన్నప్పుడు తూచాలి. ఆ అంకె గుడ్డ మూల రాయాలి. తడిసిన తర్వాత మళ్ళీ తూచాలి. తేడా ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్ల మూత్రం. పాలరాతి బల్ల మీద చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి రోజంతా వెలుగుతూ ఉండేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. మేడం ఇలాగే పోతే రేపో మాపో మనల్ని కూడా ఎక్కించి తూస్తారే అని ఒకరోజు నేను కొంచెం గట్టిగానే అన్నాను. ఆవిడ కేసు షీటు మీంచి తల ఎత్తలేదు.

"మిమ్మల్ని తూచే కాటా ఇక్కడ లేదు సిస్టర్. గూడెంలో ఉంది, బెల్లం బస్తాలది."

వార్డంతా నవ్వింది. నేనే ఎక్కువ నవ్వాను.

కానీ నవ్వి ఊరుకోలేదు. అదే నా తప్పుకు మొదలు. ఇన్నేళ్ళ చేతికి గుడ్డ పట్టుకోగానే తెలియదా అనుకునేదాన్ని. బాగా జబ్బుగా ఉన్న పిల్లల గుడ్డలు తూచేదాన్ని. కొంచెం కుదురుగా ఉన్నవాళ్ళవి చేత్తో పట్టుకుని ఎనిమిది, పది, పన్నెండు అని షీటులో అంకె వేసేసేదాన్ని. అప్పుడు అది అబద్ధం అనిపించలేదు. అనుభవం అనిపించింది. అబద్ధం ఆడకూడదని ఆదివారం బడిలో పిల్లలకు పాటలు కట్టి నేర్పినదాన్ని, సోమవారం పొద్దున్నే తూచని అంకెలు రాసేదాన్ని.

దుర్గ కొడుకు

దుర్గది కొల్లేటి అంచున చేపల చెరువుల ఊరు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడున్నర నెలలకే బీపీ పెరిగి కాన్పు చేయవలసి వచ్చింది. ఉమ్మనీరు బాగా తక్కువగా ఉందని కాన్పు చేసిన డాక్టరమ్మ చీటీలో రాసి పంపింది. ఆ ఒక్క ముక్క దగ్గరే మేం ఆగి ఉండవలసింది. ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. అది తక్కువైందంటే బిడ్డ వైపు ఒకసారి చూడమని చెప్పడమే. నేను చీటీ చదివి ఫైల్లో పెట్టాను.

మగబిడ్డ. పద్నాలుగు వందల గ్రాములు. ఒకరోజు ఆక్సిజన్ పెట్టాం, రెండోరోజు తీసేశాం. చిన్న ముక్కు, నుదుటి మీద మెత్తని నూగు, పిడికిలి బిగించి పడుకునేవాడు. గుడ్డ మార్చడానికి వెళ్ళినప్పుడల్లా తడిగానే ఉండేది. షీటులో "మూత్రం పోశాడు" అని రాసి పక్కన పది, తొమ్మిది అని అంకెలు వేశాను. వాసవిగారు రౌండ్సులో ఆ అంకెలు చూసుకుని, సరేనని పక్క బిడ్డ దగ్గరికి వెళ్ళారు. నా రాతను నమ్మారు. నమ్మకపోవడానికి ఆవిడకు కారణం ఏముంది?

మూడోరోజు పొద్దున బరువు చూస్తే డెబ్బై గ్రాములు పెరిగాడు. నెలలు నిండని బిడ్డ మొదటి రోజుల్లో బరువు తగ్గాలి. ఒంట్లో నీరు బయటికి పోతుంది కాబట్టి తగ్గడమే సరైన పద్ధతి. ఆ సంగతి నేను ఎందరో కొత్త నర్సులకు పాఠం చెప్పాను. అయినా ఆరోజు ఆ అంకె చూడగానే సంతోషం వచ్చేసింది. పక్క గదిలో మంచం మీద ఉన్న దుర్గ దగ్గరికి వెళ్ళి, చూడమ్మా, దేవుడు నీ బిడ్డకు ఎదుగుదల ఇస్తున్నాడు అని చెప్పాను. ఆ పిల్ల మూడు రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. తల ఊపి మళ్ళీ గోడ వైపు తిరిగింది.

ఎదుగుదల కాదు అది. బయటికి పోవలసిన నీళ్ళు లోపలే నిలిచిపోతున్నాయి.

గట్టు చెమ్మ

దుర్గకు బీపీ ఇంకా దిగలేదు. అందుకని బిడ్డను గుండెకు ఆనించుకుని వెచ్చగా ఉంచే పని వాళ్ళమ్మ నాంచారమ్మగారికి అప్పగించాం. ఈ పనికి తల్లే కావాలని లేదు. వెచ్చని ఒళ్ళు, ఓపిక ఉంటే చాలు. నాంచారమ్మగారు చేపల చెరువు గట్ల మీద మేత చల్లి, వలలు లాగి ముదిరిన మనిషి. పొద్దున ఎనిమిదింటికి చేతులు మోచేతుల దాకా కడుక్కుని కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. బిడ్డను గుండెల మీద పెట్టుకుని, మా వార్డులో ఎవరెవరు ఎవరిని పెళ్ళి చేసుకుంటే బాగుంటుందో సంబంధాలు కలిపేది.

మూడోరోజు పదకొండు గంటల వేళ ఆవిడ నన్ను పిలిచింది.

"సిస్టరు గారండీ, ఏమీ అనుకోకపోతే ఓ మాటండి. ఈడు ఉచ్చ పోయట్లేదండి."

"పోస్తున్నాడు కదా నాంచారమ్మగారూ. గుడ్డ చూడండి, ఎంత తడిగా ఉందో."

"తడి ఉందండి. పోయటం లేదండి." ఆవిడ బిడ్డ వీపు మీంచి చెయ్యి తీయకుండానే చెప్పింది. "నలుగురు మగపిల్లల్ని పెంచానండి. మగపిల్లోడు పోస్తే మొహం మీద కొడతాదండి. ఈడు పొద్దున్నుంచీ నా మీద కారుతున్నాడు. మా చెరువులో తూము పూడుకుపోయిందనుకోండి, నీళ్ళు పైకి లేచి గట్టంతా చెమ్మ పడతాది. గట్టు చెమ్మగా ఉంది కదా, తూము పారుతుందిలే అనుకుంటే ఎలాగండి?"

బిడ్డను తీసుకుని వెచ్చదనమిచ్చే వార్మరు కింద పడుకోబెట్టి గుడ్డ విప్పాను. బొడ్డు కింద మెల్లగా వేళ్ళు ఆనించాను. నిమ్మకాయంత గట్టిగా తగిలింది. మూడు రోజులు ఆ బిడ్డకు గుడ్డలు మార్చాను, ఒక్కసారి కూడా అక్కడ చెయ్యి పెట్టి చూడలేదు. గుడ్డను తీసుకెళ్ళి కాటా మీద పెట్టాను. మూల అంకె తీసేస్తే రెండు గ్రాములు. నా చేతికి మాత్రం అది తొమ్మిది, పది అనిపించి ఉండేది.

వాసవిగారి గదికి వెళ్ళి నిలబడ్డాను. బిడ్డ సంగతి చెప్పాను. ఆ తర్వాత, మేడం, షీటులో అంకెలు నేను తూచి రాసినవి కావండీ అని కూడా చెప్పాను. ఆ రెండో వాక్యం చెప్పడానికి నాకు పట్టిన బలం ముప్పై నాలుగేళ్ళలో ఇంకెప్పుడూ పట్టలేదు.

ఆవిడ పెన్ను మూత పెట్టి, "ఎన్నాళ్ళవి?" అన్నారు.

"మొదటి నుంచీ అండి."

ఆవిడ లేచి నన్ను దాటుకుని వార్డులోకి నడిచారు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

గొట్టం

స్కానింగులో సంచి నిండుగా, గోడలు మందంగా, రెండు కిడ్నీలూ ఉబ్బి కనిపించాయి. దారిలో అడ్డం ఉందని ఖాయమైంది. ముందు చేయవలసింది లోపలి నీటికి దారి ఇవ్వడం. ఇక్కడ కొత్త నర్సులకు ఒక మాట చెప్పాలి. పెద్దవాళ్ళకు వేసే, చివర బుడగ ఉన్న గొట్టం ఇలాంటి బిడ్డకు వేయకూడదు. మందమెక్కిన సంచి ఆ బుడగ చుట్టూ బిగుసుకుపోతుంది, కిడ్నీల నుంచి వచ్చే దారులు మూసుకుపోవచ్చు. బుడగ లేని సన్నని గొట్టం వేసి ప్లాస్టరుతో అంటించాలి. గొట్టం నిలబడిందా లేదా అన్నది డాక్టరు చేతిలో ఎంత ఉందో, నర్సు వేసే ప్లాస్టరులోనూ అంతే ఉంది.

వాసవిగారు వేసిన మొదటి గొట్టం లోపలికి వెళ్ళింది, కానీ రెండు చుక్కలు రాలి ఆగిపోయింది. అడ్డం వెనక దారి ఉబ్బి ఉండటంతో గొట్టం అక్కడే చుట్ట చుట్టుకుందని స్కానింగులో తెలిసింది. బయటికి తీసి మళ్ళీ మొదలుపెట్టారు. నా చేతిలో లైటు. నా పెదవులు కదులుతున్నట్టున్నాయి.

"సిస్టర్, ప్రార్థన తర్వాత. ముందు లైటు ఇటు పట్టండి."

"రెండూ ఒకేసారి చేస్తున్నానండీ."

ఆవిడ పెదవి ఒక పక్కకు కదిలింది. ఈసారి వేళ్ళతో గొట్టాన్ని కొంచెం పైకి తిప్పి, చాలా నెమ్మదిగా తోశారు. గొట్టం లోపల పసుపు పచ్చని గీత ఒకటి పాకుతూ వచ్చింది. సీసాలోకి ముప్పై ఎనిమిది మిల్లీలీటర్లు దిగింది. నా గుప్పెడంత కడుపులో అంత నీరు ఎక్కడ పట్టిందో! బొడ్డు కింది నిమ్మకాయ మాయమైంది. బిడ్డ మొహం విప్పారినట్టైంది, పిడికిలి తెరిచి పడుకున్నాడు.

నేను బయటికి వచ్చి నాంచారమ్మగారికి చెప్పాను. ఆవిడ రెండు చేతులూ జోడించి కొల్లేటికోట పెద్దింట్లమ్మకు దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత కొంగున కట్టిన పసుపు దారం తీసి బిడ్డ చేతికి కట్టనిమ్మంది. నా విశ్వాసానికి అది సరిపడదు. పైగా సూక్ష్మక్రిములకు బాగా సరిపడుతుంది. వయసులో ఉన్నప్పుడైతే ఆవిడకు ఒక ప్రసంగం చేసి పంపేదాన్ని. ఆరోజు నా ప్రసంగాల విలువ నాకు తెలిసింది. నేను కనిపెట్టలేనిది కనిపెట్టింది ఆవిడ. బిడ్డకు వద్దండీ, బయట మీరు కూర్చునే కుర్చీకి కట్టుకోండి అన్నాను. కట్టుకుంది. ఆ కుర్చీ ఇంకెవరికీ ఇవ్వలేదు కూడా.

తొందరపడిన సాక్ష్యం

అది శనివారం మధ్యాహ్నం. గొట్టం నుంచి మూత్రం ఆగకుండా వస్తూనే ఉంది. సాయంత్రం డ్యూటీ దిగుతూ, తర్వాత వచ్చిన అమ్మాయికి, చాలా బాగా పోస్తున్నాడమ్మా, ఇక భయం లేదు అని చెప్పాను. ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు అన్నది చెప్పలేదు. ఆ అమ్మాయికి నేనంటే గురి. గొట్టం చివరి ప్లాస్టిక్ సంచి నిండినప్పుడల్లా ఖాళీ చేసి "బాగుంది" అని రాసింది. నా మాటే తిప్పి రాసింది.

ఆదివారం ఉదయం ఆరాధనలో సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. తప్పు ఒప్పుకున్నాను, అందులో లోటు చేయలేదు. ఆ తర్వాత మాత్రం నన్ను ఎవరూ ఆపలేకపోయారు. దేవుడు ఒక చేపల చెరువు మనిషి నోట మాట్లాడిన తీరు, ఆ నీళ్ళు దారి దొరికి పరుగెత్తిన తీరు, ఇంకా పరుగెత్తుతూనే ఉన్న తీరు చెబుతుంటే సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కూటం అయ్యాక ఎవరో వార్డుకని లడ్డూల డబ్బా ఇచ్చారు. అది పట్టుకుని ఒంటిగంటకు డ్యూటీకి వెళ్ళాను.

బిడ్డ దగ్గరికి వెళ్ళి మాడు మీద చెయ్యి పెట్టాను. గుంటలా దిగి ఉంది. చేతులు చల్లగా ఉన్నాయి. గుండె పరుగెడుతోంది. ప్లాస్టిక్ సంచిలో మూత్రం మాత్రం నీళ్ళలా తెల్లగా, సమృద్ధిగా ఉంది.

చాలాకాలం ఒత్తిడిలో ఉన్న కిడ్నీకి ఒక్కసారి దారి దొరికితే నీటినీ ఉప్పునూ పట్టి ఉంచడం దానికి చేతకాదు. వచ్చింది వచ్చినట్టు వదిలేస్తుంది. పాలూ సెలైనూ కలిపి వాడికి వెళుతున్న దానికి రెట్టింపు బయటికి పోతోంది. బరువు చూస్తే ఒక్కరోజులో నూట యాభై గ్రాములు తగ్గాడు. నేను చర్చిలో చప్పట్లు కొట్టించిన నీళ్ళు ఆ బిడ్డ ప్రాణంలోంచి పోతున్న నీళ్ళు.

వాసవిగారు ఇంటి నుంచి పది నిమిషాల్లో వచ్చారు. రక్తంలో ఉప్పు బాగా పడిపోయింది. సెలైను నెమ్మదిగా ఎక్కించి, ఆ తర్వాత గంట గంటకూ ఎంత పోయిందో కొలిచి, ఆ లెక్కను బట్టి తిరిగి ఇవ్వమని రాశారు. నాలుగు గంటలకు చేతులు వెచ్చబడ్డాయి. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని, నాకు మాత్రమే వినపడేలా అన్నారు:

"నీళ్ళు పోతున్నాయని సంతోషించారు సిస్టర్. ఎన్ని పోతున్నాయో అడగలేదు."

ఆ మాట నాకు సరిగ్గా తగిలింది. వాక్యం వింటూ పెరిగినదాన్ని, మందలింపు విలువ తెలుసు. సంతోషించడం తప్పు కాదు. సంతోషం నా కళ్ళకు అడ్డం రావడం తప్పు. మొదట బరువు పెరిగితే ఆశీర్వాదం అనుకున్నాను, తర్వాత మూత్రం పోతే జవాబు అనుకున్నాను. రెండుసార్లూ బిడ్డను చూడకుండా నా కృతజ్ఞతనే చూసుకున్నాను.

తర్వాతి ఆదివారం మళ్ళీ లేచాను. పోయిన వారం నేను తొందరపడి చెప్పానని, అదే గంటలో బిడ్డ ఎండిపోతున్నాడని చెప్పాను. ఎవరికీ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియలేదు. మా పాస్టరుగారు గొంతు సవరించుకుని, సాక్ష్యాన్ని సవరించే సాక్ష్యం మన సంఘంలో ఇదే మొదటిది, సుగుణమ్మగారి తర్వాత ఇంకెవరైనా సవరించదలిస్తే సమయం ఇస్తాం అన్నారు. వెనక బల్లల్లో ఎవరో పకాలున నవ్వారు. ఆ నవ్వులో నేనూ కలిశాను. దేవుడు కూడా కలిసే ఉంటాడని నా నమ్మకం.

పెరగడం కోసం

అడ్డంగా ఉన్న పొరను కత్తిరించాలంటే సన్నని దుర్భిణి గొట్టం మూత్రం దారిలోంచే లోపలికి వెళ్ళాలి. ఎంత సన్నని పరికరమైనా పద్నాలుగు వందల గ్రాముల బిడ్డకు లావే. విజయవాడలోని పిల్లల సర్జనుగారు ఫోనులో రెండు దారులు చెప్పారు. బొడ్డు కింద పొట్ట మీద చిన్న రంధ్రం చేసి సంచిని అక్కడి నుంచి ఖాళీ చేయించడం ఒకటి. గొట్టంతోనే నెట్టుకొస్తూ బిడ్డను పెంచడం రెండోది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో తగ్గుతూ వస్తే రెండో దారి మంచిదన్నారు. మొదటి రోజుల్లో ఆ అంకె తల్లి రక్తానిది. బిడ్డ కిడ్నీల సంగతి తేలడానికి కొన్నాళ్ళు ఆగాలి.

ఆ ఆగడం దుర్గకు చాలా కష్టమైంది. బీపీ దిగి వార్డులోకి వచ్చింది కానీ బిడ్డ గుడ్డ విప్పడానికి భయపడేది. ఆ గొట్టం కనిపిస్తే చూపు తిప్పుకునేది. బాగవుతాడా అని మమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే నన్ను భయపెట్టింది. కిడ్నీలు పనిచేస్తాయా లేదా అన్నదానికి మా దగ్గరా జవాబు లేదు. లేదని వాసవిగారు ఆ పిల్లకు సూటిగానే చెప్పారు. నేనైతే ఏదో ఒక తీపి మాట అనేదాన్ని. ఆవిడే సరి అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పటి నుంచి దుర్గ కళ్ళు మా మొహాల మీద కాకుండా బిడ్డ మీద ఉన్నాయి.

తొమ్మిదోరోజు క్రియాటినిన్ కొంచెం దిగింది. పన్నెండోరోజు ఇంకొంచెం. మధ్యలో ఒకసారి జ్వరం వచ్చి మూత్రంలో చీము కనిపించింది. మందు మార్చాం, గొట్టం మార్చాం. నా డ్యూటీలో ప్రతి గుడ్డా, ప్రతి సంచీ నేనే తూచాను, కొలిచాను. పిండిన పాలు గొట్టంతో మొదలుపెట్టి, పీల్చి మింగడం వచ్చాక ఉగ్గుగిన్నెతో పట్టించాం. ఉగ్గుగిన్నె మూతికి పెడితే వాడు నాలుక చాచి ఎదురొచ్చేవాడు. నాంచారమ్మగారు కూతురి కోసం కొరమీను పులుసు క్యారేజీలో తెచ్చేది. వార్డులోకి రానివ్వం కాబట్టి వాసన మాత్రం తలుపు దాకా వచ్చి మమ్మల్ని పరీక్షించేది. మేడమ్‌గారు తినరు గదండీ పాపం అని జాలిపడేది. ఆవిడకు పెసరట్టు తెచ్చిన రోజు కూడా ఉంది. నలభై రెండోరోజు బిడ్డ రెండు కిలోలు దాటాడు. దాటిన వేళ నేను నోరు మూసుకుని ముందు బరువు రెండోసారి చూశాను, తర్వాతే దేవునికి స్తోత్రం చెప్పాను.

ధార

విజయవాడలో పొర కత్తిరించడం అరగంట పని. నాలుగోరోజు గొట్టంతోనే మా దగ్గరికి తిరిగి వచ్చాడు. ఇక్కడ గొట్టం తీసి చూడాలి. పొర పోయినంత మాత్రాన సరిపోదు. ఇన్నాళ్ళు ఒత్తిడితో మొద్దుబారిన సంచికి సొంతంగా తోసే బలం ఉందా అన్నది ఆరోజు తేలాలి. లేకపోతే మళ్ళీ గొట్టం, పొట్ట మీద రంధ్రం, కిడ్నీల మీద మళ్ళీ ఒత్తిడి.

ఉదయం తొమ్మిదింటికి ప్లాస్టరు తడిపి, గొట్టం తీశాను. పాలు పట్టాం. గుడ్డ కట్టకుండా విప్పి ఉంచాం. పది అయ్యింది. పదిన్నర అయ్యింది. బొడ్డు కింద చెయ్యి ఆనిస్తే మళ్ళీ మెల్లగా గట్టిపడుతున్నట్టు తగిలింది. వాసవిగారు వేరే బిడ్డల దగ్గరికి వెళ్ళి వెళ్ళి ఇక్కడికే తిరిగి వస్తున్నారు. ఆరోజు రౌండ్సులో ఆవిడ ఎవరి మాటా సరిగా వినిపించుకోలేదు. నాంచారమ్మగారిని కూడా గౌను వేసి లోపలికి రానిచ్చారు. దుర్గ వార్మరు అంచు పట్టుకుని నిలబడింది. పదకొండు కావస్తుంటే వాసవిగారు నా పక్కకు వచ్చి, చాలా మెల్లగా, సిస్టర్, ఇప్పుడు చేసుకోండి ప్రార్థన అన్నారు. ఆవిడ నోట ఆ మాట మొదటిసారి విన్నాను. అప్పటికే చేసుకుంటున్నానని చెప్పలేదు.

బిడ్డ ఒళ్ళు విరుచుకున్నాడు. మొహం ఎర్రబడింది. కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. ముందు ఒక చుక్క. ఆ తర్వాత ధార లేచింది. వంకర లేకుండా, తెగిపోకుండా, వార్మరు అద్దం మీంచి ఎగిరి వాసవిగారి చీర కుచ్చిళ్ళ మీద పడింది. ఆవిడ వెనక్కి జరగలేదు. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతున్నారు. ఏడు దాకా వచ్చింది. నాంచారమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చాల్లేరా నాయనా, డాక్టరమ్మగారు తడిసిపోతున్నారు అంది. వాడు ఇంకో రెండు లెక్కల దాకా ఆపలేదు.

వెంటనే స్కానింగు పెట్టి చూశాం. సంచి దాదాపు ఖాళీ. వాసవిగారు ప్రోబు తుడిచి పక్కన పెట్టి దుర్గ వైపు తిరిగారు. కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయని, ఎంత అన్నది వాడు పెరుగుతుంటేనే తెలుస్తుందని, పెద్దవాడయ్యేదాకా రక్తపరీక్షలకు తీసుకురావాలని, ఒక్కటి కూడా మానకూడదని చెప్పారు. దుర్గ అన్నిటికీ తల ఊపింది. తర్వాత, నలభై ఆరు రోజుల్లో మొదటిసారి, తనే ఒక ప్రశ్న అడిగింది.

"మళ్ళీ పోస్తాడా అండీ?"

"రోజుకి పదిసార్లు పోస్తాడమ్మా. ఇక గుడ్డలు ఉతకలేక చస్తావు," అన్నాను.

దుర్గ బిడ్డ కింది తడిగుడ్డను తీసి, రెండు చేతులా పట్టుకుని గుండెకు అదుముకుంది. గౌను మీదికి తడి పాకుతోంది.

"ఉతుకుతానండి," అంది.